పత్తి ఉన్న గదిలో ఫ్యాను

మా అత్తగారింట్లో ఒక చట్టం ఉంది. పత్తి ఉన్న గదిలో ఫ్యాను వెయ్యకూడదు. వేస్తే దూది లేచి అన్నం గిన్నెలోకీ దేవుడి పటాల మీదికీ చేరుతుంది. పర్చూరు దగ్గర మా ఊళ్ళో, ధర వచ్చేదాకా పత్తిని ఇంట్లోనే పోసుకుని కూర్చునే వాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. నేనూ పత్తి పండే ఊళ్ళోనే పుట్టాను, కాబట్టి నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ ఏడు ముందు గదిలో పత్తి నడుమెత్తున పోసి ఉంది. కిటికీ పక్కన మిగిలిన మూలలో నా బల్ల, నా లాప్‌టాప్, నేను.

ఇంకో గది లేక కాదు. అందులో కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాల్సిన మిరపకాయల టిక్కీలు, అంటే కుక్కి కుట్టిన బస్తాలు, ఉన్నాయి. ఒకరోజు అక్కడ కూర్చుని చూశాను. మీటింగంతా తుమ్ములే. తిరిగి పత్తి దగ్గరికే వచ్చాను.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, అంటే ఇతరుల తప్పులు వెతికి పెట్టడం నా ఉద్యోగం. మా ఆయనది వ్యవసాయం. పెళ్ళయ్యాక రెండేళ్ళు నేను హైదరాబాదులో, ఆయన ఇక్కడ. నెలకు రెండు ఆదివారాలు కలిసేవాళ్ళం. దాన్ని కాపురం అనడానికి నాకు నోరు వచ్చేది కాదు. ఎంతో బతిమాలితే ఆఫీసు వాళ్ళు ఇంటి నుంచి పని చేసుకోనిచ్చారు, అదీ ఆరునెలలు చూస్తామని.

ఫాల్గుణం వచ్చేసరికి ఎండ ముదిరింది. లాప్‌టాప్ వేడెక్కి, మీటింగు మధ్యలో దానంతట అదే ఆగిపోవడం మొదలుపెట్టింది. మూడోసారి ఆగినప్పుడు మా టీమ్ లీడ్ విడిగా ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఇంకోసారి ఇలా అయితే హైదరాబాద్ వచ్చెయ్యాల్సి ఉంటుందన్నాడు.

మా ఆయనకు చెప్పాను. అమ్మనడిగి పత్తి తీసేద్దాం అన్నాడు. నాకు పౌరుషం ఎక్కువ. ధర ఇంకా పెరుగుతుందని ఆవిడ ఆశ పెట్టుకుని ఉంది, నా కోసం తెగనమ్మారన్న మాట నాకు వద్దు, ఆవిడకు ఒక్క ముక్క చెప్పినా ఊరుకోనని ఆయన నోరు మూయించాను.

తర్వాత ఇంటర్నెట్ అంతా గాలించాను. లాప్‌టాప్ లోపలి ఫ్యానును మన ఇష్టప్రకారం తిప్పుకునే ఒక ప్రోగ్రాం దొరికింది. తెర మీద ఒక గీత కనిపిస్తుంది. ఎంత వేడికి ఫ్యాను ఎంత జోరుగా తిరగాలో ఆ గీతను లాగి చెప్పుకోవచ్చు. నేను గీతను పైకి లాగి, అరవై డిగ్రీలు దాటితే పూర్తి జోరు అని పెట్టాను. తొంభై దాటే వేడి డెబ్బైకి దిగింది. ఆ రోజు నన్ను పట్టేవాళ్ళు లేరు. మా ఆయనకు ఆ గీత చూపించి, పొలానికి నీళ్ళు పెట్టడం కన్నా ఇదే కష్టమని కోతలు కూడా కోశాను.

ఆ సంబరం మూడు వారాలు. మళ్ళీ డెబ్బై అయిదు, ఎనభై. గీతను ఇంకా పైకి లాగాను. ఫ్యాను రోజంతా హోరుమంటూనే ఉంది, వేడి పెరుగుతూనే ఉంది. మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకుని, పైన ఆగిపోయి ఉన్న సీలింగ్ ఫ్యాను వంక చూస్తూ పని చేసేదాన్ని. ఒక మధ్యాహ్నం యంత్రం పూర్తిగా ఆగిపోయి, గంటసేపు లేవలేదు. కడుపునొప్పి అని ఆఫీసుకు అబద్ధం చెప్పి చిలకలూరిపేట బస్సెక్కాను.

రిపేరు షాపతను వెనక రేకు విప్పి, ఫ్యానుకూ గాలి బయటికి పోయే సందుకూ మధ్య నుంచి బూడిదరంగు ముద్ద ఒకటి పట్టకారుతో లాగాడు. వేళ్ళతో విడదీసి చూశాడు.

"ఇది దుమ్ము కాదక్కా, పత్తి. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు, నాకు చేతికే తెలిసిపోద్ది. పత్తి ఉన్నకాడ ఫ్యాను పెట్టారా?"

నాకు కోపం వచ్చింది. మా ఇంట్లో పత్తి గదిలో ఫ్యానే వెయ్యమండీ అన్నాను. అతను లాప్‌టాప్‌ను నా వైపు తిప్పి, వేలితో ఆ చిన్న ఫ్యానును ఒకసారి తిప్పాడు.

సిగ్గేసింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నెలరోజులు చెమటలు కక్కుతూ పైన ఫ్యాను వెయ్యకుండా చట్టం కాపాడి, కింద బల్ల మీద ఇంకో ఫ్యాను పెట్టుకుని, పూర్తి జోరు మీద తిప్పింది నేనే. ఎంత తిప్పితే అంత పత్తి లాక్కుంది. అతను శుభ్రం చేసిచ్చి, ఆ గదిలో ఉన్నంతకాలం మళ్ళీ ఇంతేనన్నాడు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య వసారాలో వత్తులు చేస్తోంది. కాగితంలో చుట్టి తెచ్చిన ముద్దను ఆవిడ ముందు పెట్టాను. ఇక దాచే ఓపిక లేక హైదరాబాద్ సంగతి కూడా చెప్పేశాను. చెబుతుండగానే ఏడుపొచ్చింది. ఆవిడ ఆ ముద్దను చేతిలోకి తీసుకుని చూసి, పెరట్లో ఉన్న కొడుకును పిలిచింది.

"పొద్దున్నే పత్తికి కాటా పెట్టించరా, అమ్మేద్దాం."

ధర రాలేదుగా అన్నాడాయన.

"పత్తి వచ్చే ఏడు మళ్ళీ పండుద్దిలే."

మర్నాడు గది ఖాళీ అయింది. అత్తయ్యే ఊడ్చి, తనే ఫ్యాను స్విచ్చి వేసింది. రెక్కల మీద పేరుకున్న దూదంతా మా ముగ్గురి నెత్తిన రాలింది. నేను ఆ గీతను కిందికి దించి, లాప్‌టాప్‌ను దాని మానాన వదిలేశాను. మళ్ళీ ఆగలేదు.

పది రోజులకు ధర లేచింది. మా ఆయన ఆ కబురు విని ఊళ్ళోంచి గబగబా వచ్చాడు. నేను బల్ల దగ్గర ఉన్నాను, అత్తయ్య గుమ్మంలో కూర్చుని ఉంది. ఆయన మొహం చూస్తే నాకు అర్థమైంది, ఆవిడకు నాకన్నా ముందే అర్థమైంది. ఆయన నోరు తెరిచే లోపలే అంది:

"ఆ ఫ్యాను నాలుగు మీద పెట్టరా. అమ్మాయికి చెమటలు పడుతున్నాయి."