పదకొండు గంటల రీడింగ్

దయ్యాలున్నాయంటే నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. ఇరవై రెండేళ్ళు వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చున్నవాణ్ణి. ముసురు పట్టిన రోజుల్లో ఎక్కడో సముద్రం మీదున్న ఓడల మాటలు, అర్థంకాని భాషల్లో ఎవరివో గొంతులు, ఒక్కోసారి మనిషి మూలుగులాంటి చప్పుడు కూడా వినిపించేవి. కొత్తలో బెదిరిపోతే మా సీనియర్ ఒకాయన కూర్చోబెట్టి, దూరపు తరంగాలు ఆకాశం దాకా వెళ్ళి మళ్ళీ ఎలా కిందికి దిగుతాయో బొమ్మ గీసి చెప్పారు. ఆ తర్వాత సెట్టులో ఏం వినపడినా నాకొక కారణం దొరికేది.

ఈ ఒక్కదానికే దొరకలేదు.

తొంభైల నాటి సంగతి. మాది మండపేట. ఉద్యోగం ధవళేశ్వరంలో, వరదల కంట్రోల్ రూములో ఆపరేటరుగా. గోదావరికి ఎగువన ఒడ్డు వెంబడి కొన్ని గేజి స్టేషన్లుండేవి. అక్కడి ఆపరేటర్లు నీటిమట్టం తెలుసుకుని సెట్టులో చెబితే నేను లాగ్ బుక్కులో రాసి ఇంజనీరుగారికి అందించాలి. మామూలు రోజుల్లో పూటకొకసారి, వరదొస్తే గంటకొకసారి. పైనుంచి నీళ్ళు మా ఆనకట్టకి చేరేలోపే దిగువ లంకల్లో ఉన్న జనాన్ని పడవలెక్కించాలి. అందుకని ఒక్క రీడింగు తప్పినా మాకు గుండెల్లో రాయి పడ్డట్టుండేది.

కొండల మధ్యనున్న ఒక స్టేషన్లో సత్యంగారని ఒకాయన ఆపరేటరు. ఐదేళ్ళపాటు ఆయనా నేనూ రోజూ మాట్లాడుకున్నాం. ఒక్కసారి కూడా ఒకరినొకరం చూసుకోలేదు. ఆయనకి సెలవు దొరికితే నాకు దొరికేది కాదు. గొంతు మాత్రం బాగా ఎరుగుదును. గంభీరంగా, నిదానంగా ఉండేది. అంకెలు విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి పేర్చినట్టు చెప్పేవారు. నన్ను తమ్ముడుగారూ అని పిలిచేవారు. సెట్టులో సొంత మాటలు మాట్లాడకూడదని రూలుండేది. అయినా రీడింగయ్యాక భోజనం చేశారా అని అడగకుండా ఆయన ఎప్పుడూ ఓవర్ అనేవారు కాదు.

ఆయన ఊరు మొగల్తూరు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు అక్కడే ఉండేవారు. ఈయన ఏటి ఒడ్డున రేకుల గదిలో ఒక్కరే వండుకు తింటూ, రెండు మూడు నెలలకొకసారి ఇంటికెళ్ళేవారు. పెద్దమ్మాయి పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన రోజున అక్కడికి పేపరు రాదని ముందే నాకు హాల్ టికెట్ నంబరు చెప్పి ఉంచారు. పేపర్లో వెతికి, ఫస్టు క్లాసని సెట్టులో చెప్పాను. మాట అందిందన్నట్టు "రోజర్" అన్నారు. కాసేపాగి మళ్ళీ "రోజర్" అన్నారు. ఆ రోజు భోజనం సంగతి అడగడం మర్చిపోయారు.

ఆ ఏడాది ఆగస్టులో పెద్ద వరదొచ్చింది. మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి సత్యంగారు రీడింగిచ్చారు. నీళ్ళు గది మెట్ల దాకా వచ్చాయనీ, గేజి చూసే మనిషి జ్వరమొచ్చి ఊళ్ళోకెళ్ళాడనీ, తానే దిగి చూసొస్తున్నాననీ చెప్పారు. జాగ్రత్త అన్నాను.

తొమ్మిదింటికి పిలిస్తే పలకలేదు. పదింటికీ పలకలేదు. బ్యాటరీ దిగిపోయిందనుకున్నాను. లాగ్ బుక్కులో రెండు చోట్లా 'నో కాంటాక్ట్' అని రాశాను.

సరిగ్గా పదకొండింటికి నేను పిలవకముందే ఆయనే పిలిచారు. ఆ వేళప్పుడు మా రూములో నాతోపాటు మా ఇంజనీరు ఏఈగారు కూడా ఉన్నారు. బయట వాన హోరెత్తుతోంది. అన్ని స్టేషన్ల మాటలూ గరగరమంటూ తెగిపోతున్నాయి. సత్యంగారి గొంతు మాత్రం పక్క కుర్చీలో కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా వచ్చింది. రీడింగు ఎప్పటిలాగే విడివిడిగా చెప్పారు. అది ఎనిమిది గంటల మట్టం కంటే ఎంతో ఎక్కువ. ఏఈగారు మళ్ళీ అడగమంటే అడిగాను. అవే అంకెలు మళ్ళీ చెప్పారు. ఏఈగారు వెంటనే లంకలు ఖాళీ చేయించడానికి ఫోనందుకున్నారు.

"తమ్ముడుగారూ, ఇంకో మాటండి," అన్నారు సత్యంగారు.

నాకప్పటికే చిరాగ్గా ఉంది. రెండు గంటలు పలకలేదన్న కోపం, ఇంకో మూడు స్టేషన్ల రీడింగులు తీసుకోవాలన్న కంగారు.

"తర్వాత మాట్లాడదామండి. లైను వదలండి. ఓవర్," అన్నాను.

"సరేనండి," అన్నారు. అంతే.

పన్నెండింటికి పిలిచాను. ఒంటిగంటకి పిలిచాను. సాయంత్రం దాకా పిలుస్తూనే ఉన్నాను.

మర్నాడు లాంచీ మీద వెళ్ళినవాళ్ళు కబురు తెచ్చారు. ముందు రోజు ఎనిమిదిన్నర ప్రాంతంలో సత్యంగారు గేజి చూడ్డానికి దిగారట. ఒడ్డు విరిగి ఆయనతో సహా ఏట్లోకి జారిపోయింది. పైన గట్టు మీదున్న నలుగురైదుగురు కళ్ళారా చూశారు. తాడు తెచ్చేలోపే కొట్టుకుపోయారు. తొమ్మిది కాకముందే గది కూడా కప్పు దాకా మునిగింది. శవం ఆ మధ్యాహ్నమే దిగువన దొరికింది.

నేను లాగ్ బుక్కు తీసి చూసుకున్నాను. పదకొండు గంటల రీడింగు నా చేతిరాతతోనే ఉంది. పక్కన ఏఈగారి సంతకముంది.

ఊరుకోలేదు. ఎగువ స్టేషన్లన్నిటినీ ఒక్కొక్కటిగా అడిగాను. ఆయన తరఫున మేం మాట్లాడామని ఒక్కరూ అనలేదు. గడియారం తప్పేమోనని చూశాను, సరిగ్గానే ఉంది. వరద తీశాక ఆయన సెట్టు, బ్యాటరీ మా దగ్గరికి తెచ్చారు. రెండింటి నిండా ఒండ్రుమట్టి. ఇక ఆ రీడింగు సంగతి. ఎవరో సరదాకి చెప్పిన అంకె అయితే ఎక్కడో ఒకచోట తేడా రావాలి. వరద మా ఆనకట్ట దగ్గరికి వచ్చిన తీరు చూసి ఏఈగారు వెనక్కి లెక్క కట్టారు. ఆ గంటకి అక్కడ నీళ్ళు అంతే ఉండాలని తేలింది. లంకల్లో ఒక్క ప్రాణం పోలేదు.

ఏఈగారు లాగ్ బుక్కు మూసి, "దీని గురించి ఇంకెవర్నీ అడక్కండి," అన్నారు. రిపోర్టులో ఆఖరి కాంటాక్టు ఎనిమిది గంటలకనే రాశారు. ఆయన్ని తప్పు పట్టను. నేనైనా ఇంకేం రాయగలను?

దినకార్యానికి మొగల్తూరు వెళ్ళాను. గోడకి ఆనించిన ఫొటోలో ఆయన్ని మొదటిసారి చూశాను. ఆ గొంతుకి పెద్ద మనిషిని ఊహించుకున్నాను. బక్కగా, పొట్టిగా, చొక్కా పై గుండీ కూడా పెట్టుకుని ఉన్నారు. దగ్గరికెళ్ళి నిలబడ్డాను కానీ దణ్ణం పెట్టడానికి చేతులు లేవలేదు.

జనం పల్చబడ్డాక ఆయన భార్య నా దగ్గరికొచ్చారు. నేనెవరో పెద్దమ్మాయి అడిగి తెలుసుకుని చెప్పినట్టుంది.

"ఆఖర్న మీతోనే మాట్లాడారంట కదండి. ఏమన్నారు?"

ఎనిమిది గంటల మాట చెప్పి వచ్చేద్దామనుకున్నాను. ఆవిడ ముఖం చూశాక అబద్ధం ఆడలేకపోయాను. పదకొండింటి సంగతంతా చెప్పాను. ఏదో చెప్పబోతే నేనే ఆపేశానని కూడా చెప్పాను. పిచ్చివాణ్ణనుకుంటారనీ, తిడతారనీ అనుకున్నాను. ఆవిడ కొంగు అంచు వేలికి చుట్టుకున్నారు.

చివరికి ఒకటే అడిగారు. "గొంతులో ఆయాసమేమైనా ఉందా అండి?"

"లేదమ్మా. మామూలుగానే మాట్లాడారు."

"అంటే ఊపిరి బాగానే ఆడిందన్నమాట," అన్నారావిడ. ఇద్దరు పిల్లల్నీ పిలిచి, ఆ మాట వాళ్ళక్కూడా చెప్పమన్నారు.

చెప్పాను. చిన్నపిల్ల, ఏడెనిమిదేళ్ళుంటాయి, నాన్న తన గురించేమైనా అడిగారా అంది. అప్పటిదాకా తమాయించుకున్నవాణ్ణి ఇక ఆగలేక వీధరుగు మీదికొచ్చేశాను.

ఇది జరిగి ఇన్నేళ్ళయింది. ఆ పొద్దున మాట్లాడిందెవరో నాకు తెలియదు. ఆయన కాదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, ఆయనేనని నమ్మడానికి నా బుద్ధి ఒప్పుకోదు. ఎవరైనా సరే, ఆ మనిషి ఒక్క నిమిషం అడిగాడు. నేనివ్వలేదు.