ట్రెయిలర్ చక్రం కింది నిమ్మకాయ

ఈ చలికాలం మొదటిసారి కారులో హీటర్ వేయగానే కాలిన దుమ్ము వాసన వచ్చింది. నాకు ఎనిమిదేళ్ల వయసప్పటి ప్రయాణం గుర్తొచ్చింది.

ఆ ఎండాకాలం మా పాత స్టేషన్ వ్యాగన్‌కు చిన్న క్యాంపర్ ట్రెయిలర్ తగిలించుకుని కొలరాడో కొండలకు బయలుదేరాం. దిష్టి తగలకుండా అమ్మ చక్రాల కింద పెట్టిన నిమ్మకాయల్లో ఒకటి తీసి జేబులో దాచుకున్నాను. కొండ ఎక్కుతుంటే నాన్న ఉన్నట్టుండి హీటర్ ఫుల్లుగా పెట్టాడు. అంత ఎండలో! అది నాకు వేసిన శిక్షే అనుకున్నాను.

"సారీ నాన్నా, ట్రెయిలర్ లెమన్ నేనే తీశా," అని ఏడ్చేశాను.

నాన్న టెంపరేచర్ ముల్లు మీంచి చూపు తిప్పకుండా, "సరేలే, విండో దించు," అన్నాడు. కాసేపటికి హీటర్ ఆపేశాడు.

నిజం చెప్పినందుకే క్షమించాడని చాలా ఏళ్లు నమ్మాను. బరువు లాగలేక కాగిపోతున్న ఇంజిన్‌ని కాపాడటానికి ఆ వేడిని మా మీదికి మళ్లించాడని డ్రైవింగ్ నేర్చుకున్నాకే తెలిసింది.

మొన్న ఆ సంగతి గుర్తుచేస్తే నాన్న, "ఏ నిమ్మకాయ?" అన్నాడు.