ఐదున్నర గంటలు కలపని రోజు

మాదాపూర్‌లో బండలు పగలగొట్టి మేడలు లేపుతున్న రోజులవి. తొంభయ్యో దశకం అయిపోవస్తోంది. ఫోన్ లైను మీద ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీలో సర్వర్లు చూసేవాణ్ని. కాకినాడ నుంచి వచ్చి ఏడాది కాలేదు గానీ, నా అంత మొనగాడు ఆ బిల్డింగులో లేడని గట్టి నమ్మకం.

ఒక మధ్యాహ్నం ఎస్సై ఒకాయన కాగితం పట్టుకొచ్చాడు. ఎవరో ఒక నర్సును బెదిరిస్తూ ఈమెయిల్ పంపారట. పంపిన తేదీ, సాయంత్రం నాలుగుంపావు అన్న టైము, మా కంపెనీ ఇచ్చిన కనెక్షన్ నంబరు అందులో ఉన్నాయి. మా దగ్గర ఒకరు ఇంటర్నెట్ ఆపేయగానే అదే నంబరు ఇంకొకరికి పోతుంది. కాబట్టి ఆ నిమిషంలో అది ఎవరి దగ్గరుందో చెప్పాలి. ఇలాంటి వాటికి అప్పటికి మా దగ్గర ఒక పద్ధతంటూ లేదు. మేనేజరు "ఇచ్చెయ్" అన్నాడు, అంతే.

"జర జల్దీ చూడు తమ్మీ. ఆమె డ్యూటీకి పోతలేదు, భయపడి ఇంట్లనే కూసుంది," అన్నాడు ఎస్సై నా వెనకే నిలబడి.

ఎవరు ఎప్పుడు లైను మీదున్నారో సర్వర్ రాసుకునే లాగ్‌లో నాలుగుంపావు దగ్గర ఒక పేరు దొరికింది. బాలానగర్‌లో లేత్ షాపు నడిపే ఆయనది. ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్టాంపు కూడా గుద్దాను. నేనుండే హాస్టల్లో ఆ రాత్రంతా నా కబుర్లే.

మూడో రోజు ఒక కస్టమర్ ఫోన్ చేసి, పొద్దున పదింటికి లైను తెగిందని గొడవ పెట్టుకున్నాడు. చూస్తే లాగ్‌లో నాలుగున్నర అని ఉంది. ఎస్సైకి ఇచ్చిన ప్రింటు గుర్తొచ్చింది. మా సర్వర్ గడియారం లండన్ టైములో నడుస్తుంది. అది నాకు తెలియక కాదు. రోజూ మనసులోనే ఐదున్నర గంటలు కలుపుకునేవాణ్ని. పోలీసు నెత్తిన నిలబడేసరికి మరిచిపోయాను. అసలు టైము దగ్గర ఉన్న పేరు వేరు.

మేనేజరు గదికి పరుగెత్తాను. "తప్పని రాసిస్తే కంపెనీ పరువు ఏం కానయ్యా? కోర్టులో తేలుతుందిలే," అన్నాడు. అతని మాట విననందుకు నేనేమీ వీరుణ్ని కాదు. భయమేసి, సరైన పేరుతో కొత్త కాగితం తీసుకుని ఆటో ఎక్కాను.

స్టేషన్లో ఎస్సై కొత్త కాగితం రెండుసార్లు చదివాడు. "గిదేంది తమ్మీ, గిప్పుడు చెప్తే ఎట్ల? ఆయనను రెండు దినాలు కూసోబెట్టినం," అన్నాడు. కూర్చోబెట్టడమంటే ఏమిటో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు. ఆ సాయంత్రమే ఆయన్ని వదిలేశారు.

ఇన్నేళ్లయినా ఆ మనిషి నన్ను వదల్లేదు. వారం తర్వాత కనెక్షన్ తీసేయించుకోడానికి మా ఆఫీసుకే వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా. కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాను. కుడిచేతి వేళ్లు వాచి ఉన్నాయి. ఫారం మీద సంతకానికి చాలాసేపు పట్టింది.

"సారూ, నా పేరు ఎవరు చెప్పిండ్రో మీకేమన్న ఎరుకనా? కొట్లాడనీకి కాదు. ఎందుకు చెప్పిండ్రో అడుగుదామని, గంతే."

"తెలీదండి," అన్నాను.

ఇన్ని రోజుల్లో తనను మర్యాదగా కూర్చోమన్నది నేనొక్కణ్నేనని చెప్పి, ఆ వేళ్లతోనే నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు.