‘ఆశ్రితురాలు కాదు’ అని నేను రాసిన రిపోర్టు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరు వేరు జిల్లాలైన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను సైనికుల సంక్షేమ కార్యాలయంలో వెల్ఫేర్ ఆర్గనైజర్‌గా తీసుకున్నారు. ఫౌజులో ఉన్నవాళ్ళ ఇళ్ళకు పోవడం, ఎవరికి ఏ వైద్యం హక్కుగా వస్తుందో చెప్పడం, పైనుంచి వచ్చిన కాగితాలకు విచారణ చేసి జవాబు రాయడం ఆ పని. మూడు జిల్లాలకూ నేనొక్కడినే.

నా చదువు సంగతి ముందే చెప్పాలి, తప్పు అక్కడే జరిగింది కాబట్టి. మాది మహబూబాబాద్ దగ్గర తండా, ఇంట్లో లంబాడీ భాష. ఫౌజులో వంటవాడిగా చేరిన నాడు వేలిముద్రే. హిందీ అక్షరాలు బారక్‌లో నేర్పారు. హవల్దారుగా, అంటే భుజాన మూడు పట్టీలతో, దిగిపోయాను. తెలుగు అక్షరాలు పింఛను వచ్చాక బస్సు బోర్డులు చదివి పట్టుకున్నాను. ఏ ఫారమైనా ఊరివాళ్ళకు అర్థమయ్యేటట్టు చెప్పగలనని గట్టి నమ్మకం ఉండేది.

ఆ వానాకాలం ఒక పటాలం నుంచి కాగితం వచ్చింది. సరిహద్దులో ఉన్న ఒక నాయక్, అది రెండు పట్టీల ర్యాంకు, తన రికార్డులో తల్లిని ఆశ్రితురాలిగా ఎక్కించమని అర్జీ పెట్టుకున్నాడు. ఒప్పుకుంటే ఆ సంగతిని పార్ట్ టూ ఆర్డర్‌గా, అంటే రికార్డులో మార్పు ఎక్కించే ఉత్తర్వుగా, వెలువరిస్తారు. అప్పుడే తల్లికి మిలిటరీ దవాఖానలో ఖర్చు లేని వైద్యం. నిజంగా ఆశ్రితురాలేనా అని చూసి రాయడం నా వంతు.

తల్లి పేరు ఎల్లవ్వ. ఘనపూర్ మండలం, భర్త లేడు. నేను పోయేసరికి నాటు వేసి వచ్చి, ఆడవాళ్ళతో అరుగు మీద కూర్చుంది. ఫారంలో హిందీలో ‘ఆశ్రిత్’ అని ఉంది. దానికి నాకు తోచిన తెలుగులో అడిగాను.

“అవ్వా, నువ్వు కొడుకు మీద పడి బతుకుతున్నవా?”

ఆడవాళ్ళు నవ్వారు. కూసోని తింటున్నవంట చెప్పు ఎల్లక్కా, అని ఒకామె ఎత్తిపొడిచింది.

“నేనెవ్వల మీద పడలే. ఇయ్యాల గూడ నాటేసి వచ్చిన. లేదని రాసుకో, మిలట్రాయనా.”

రాసుకున్నాను. చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నాను. రిపోర్టు పోయింది, అర్జీ కొట్టేశారు. ఒక ఫైలు తగ్గిందనుకున్నాను.

వరికోతలప్పుడు భూపాలపల్లిలో సైనిక కుటుంబాలకు ఆరోగ్య శిబిరం పెట్టాం. బీపీ, షుగర్, గుండె చూస్తారు, ఏ దవాఖానకు ఏ కార్డుతో పోవాలో చెబుతారు. కొడుకు ఫోన్‌లో పట్టుబట్టడంతో ఎల్లవ్వ వచ్చింది. నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకుని ఆగిపోయింది. డాక్టరు చూసి గుండె కవాటం పాడైందన్నాడు, ఆపరేషన్‌కు ఆలస్యం పనికిరాదన్నాడు. సికింద్రాబాద్ మిలిటరీ దవాఖానకు కాగితం రాయబోతూ ఆశ్రితుల కార్డు అడిగాడు. లేదు. కొడుక్కు ఉద్యోగం వచ్చాక రేషన్ కార్డు పోయింది, దానితోపాటే సర్కారు వైద్యం కార్డూ పోయింది. మిలిటరీ కార్డు ఎందుకు లేదో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

కొడుక్కు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. “సాబ్, మా అమ్మ ఒగల ఇంట్ల మంచినీళ్ళు గూడ అడగది. ఆమెను గట్ల అడుగుతరా?” అన్నాడు.

మా అధికారి రిటైరైన మేజర్. పరిస్థితి మారిందని రాయి, తప్పు జరిగిందని రాస్తే నీ మీదికే వస్తుంది, నీది ఏడాదికేడాది పొడిగించే కొలువు, అన్నాడు. ఆయన నా మేలుకే చెప్పాడు. కాని పరిస్థితి మారిందంటే అది కొత్త అర్జీ, మొదటి నుంచి తిరగాలి. తప్పును దిద్దితే పాత ఫైలు మీదే నడుస్తుంది. తప్పు నాదేనని రాశాను.

దానికి ఎల్లవ్వ వాంగ్మూలం మళ్ళీ కావాలి. ఆమె ఒప్పుకోలేదు. పానం పోయినా అబద్ధానికి వేలుముద్ర వెయ్యనంది. ఫారం సంచిలో పెట్టేసి ఇంకో తీరుగా అడిగాను.

“నీకు పానం బాగలేకుంటే ఎవలు సూస్తరు అవ్వా?”

“ఎవలు సూస్తరు, నా కొడుకే. గది గూడ అడిగెటిదేనా?”

“కాగితంల గదే అడిగిండ్రు. నేనే తప్పు జెప్పిన.”

“ముందుగాల్లనే సక్కగ అడగక, ఇన్నొద్దులు నన్ను దమ్ముతోని సంపితివి గద కొడకా,” అని బొటనవేలు ముందుకు చాపింది.

ఆర్డర్ వచ్చేసరికి ఇంకా రెండు నెలలు పట్టింది. ఆపరేషన్ అయింది, బతికింది. నాట్లకు మాత్రం మళ్ళీ పోలేకపోయింది. ముందే చేసి ఉంటే పోగలిగేదా అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. నా కొలువును ఆ తర్వాతి ఏడాదికి పొడిగించలేదు.

దిగిపోయేలోగా నా రిపోర్టుల నకళ్ళు తీసి, ‘ఆశ్రితురాలు కాదు’ అని రాసిన ఇళ్ళన్నిటికీ మళ్ళీ పోయాను. చాలామంది తల్లులు రెండో తీరు ప్రశ్నకు ఎల్లవ్వ చెప్పిన జవాబే చెప్పారు. రెక్కల కష్టం మీద బతికిన మనిషిని ఎవరి మీద పడి బతుకుతున్నావని అడిగితే లేదనే అంటుంది. ఫారంలోని మాటను మార్చి చెప్పడం కాదు, ఆ మాటతో ఏం తెలుసుకోవాలో అది అడగడం నా పని అని అప్పుడు తెలిసింది.

రఘునాథపల్లి దగ్గర ఒక తల్లి నేను పోయేసరికే చనిపోయింది. ఏ జబ్బో ఇంట్లోవాళ్ళకు తెలియదు, దవాఖానకు తీసుకుపోలేదు. ఆమె ఫైలు తీసి చూశాను. వేలిముద్ర, తేదీ, సాక్షి సంతకం, అన్నీ సక్రమంగా ఉన్నాయి. కాగితం సక్రమంగా ఉన్నంత మాత్రాన విచారణ జరిగినట్టు కాదు.