బాపు ఆగిన చోటు

బీరువా సర్దుతుంటే గీతలు పడ్డ సీడీ ఒకటి దొరికింది. మార్కర్‌తో ‘బాపు’ అని రాసి ఉంది.

నా చిన్నప్పుడు బాపు, అంటే మా నాన్న, దుబాయి నుంచి ఉత్తరానికి బదులు క్యాసెట్‌లో మాట్లాడి పంపేవాడు. నేను రోజూ వినీ వినీ టేపు అరిగిపోతుంటే, అమ్మ దాన్ని మా ఊరు మోస్రా నుంచి బోధన్ తీసుకెళ్లి సీడీ చేయించింది. షాపతను పాటల సీడీలాగే బాపు మాటల్ని ముక్కలు చేశాడు. ముక్కకూ ముక్కకూ మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం వచ్చింది.

క్యాసెట్‌లో బాపు ఆగేవాడు కాదు. సీడీలో ఆగుతున్నాడంటే నా మాట వినడానికే అనుకున్నాను.

“బిడ్డా, మంచిగ సదువుకుంటున్నవా” అని ఆగగానే, “సదువుకుంటున్న బాపూ, నువ్వు ఎప్పుడు...” అనేదాన్ని. అంతలోనే నాయనమ్మ సంగతి ఎత్తుకుని “అవ్వకు మందులు యాది మర్వకుండ్రి” అనేవాడు. మర్నాడు ఇంకా గబగబా అడిగేదాన్ని. ఎంత తొందరపడినా నా ప్రశ్న సగంలోనే ఉండిపోయేది.

“ఆగేది మిషన్ బిడ్డా, బాపు గాదు” అంది బీడీలు చుడుతున్న అమ్మ. నేను నమ్మలేదు.

బాపు తిరిగొచ్చి ఏళ్లయింది. ఆయన మాట మధ్యలో ఊపిరి తీసుకున్నా, ఇప్పటికీ గబగబా మాట్లాడేస్తాను.

“మెల్లగ జెప్పు బిడ్డా” అంటాడు. “నేనేడికి వోత.”