నాయనమ్మ కళ్ళమీద నందివర్ధనాలు

పటమటలో మేముండే అపార్ట్‌మెంటు గేటు పక్కన నందివర్ధనం ఈ వేసవిలోనూ విరగబూసింది. పొద్దున కిందికి దిగినప్పుడు ఒక పువ్వు తుంచితే, కాడ నుంచి తెల్లటి పాలచుక్క వేలిమీద పడింది. ఆ జిగురు తగిలితే ఇన్నేళ్ళకీ నా గుండె ఝల్లుమంటుంది.

పందొమ్మిదివందల నలభైల నాటి మాట. గన్నవరం దగ్గర మా నేతగాళ్ళ వీధి నిండా గంజి వాసన, పొద్దుటి నుంచీ మగ్గాల చప్పుడు, మధ్యలో ఊరుమిరపకాయ నంజుకుంటూ తినే తరవాణి అన్నం. నేత అయిపోవచ్చిన పడుగు కొసలకి కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే మెలిపెట్టి అతికే పని మా నాయనమ్మది. ఒక్క పోగు తప్పినా బట్టలో గీత పడుతుంది కాబట్టి ఆవిడ కళ్ళంటే ఇంటిల్లిపాదికీ భయభక్తులు. మధ్యాహ్నం ఆవిడ నడుం వాల్చగానే మూసిన రెప్పలమీద చలవకి నందివర్ధనాలు పెట్టే ఉద్యోగం నాది. పొద్దున్నే కోసి, కాడలు తుంచి, కంచుగిన్నెలో నీళ్ళుపోసి నానేసి, కంట్లో పడితే మండే ఆ పాలన్నీ పోయాకే పెట్టాలి.

ఒకరోజు తొక్కుడుబిళ్ళ ధ్యాసలో పడి పూల సంగతే మరిచాను. నాయనమ్మ పిలిచేసరికి అప్పటికప్పుడు రెండు కోసి, కాడలతో సహా కళ్ళమీద పెట్టేసి ఆటకి తుర్రుమన్నాను. సాయంత్రానికి ఆవిడ కళ్ళు చింతనిప్పులయ్యాయి. పడుగు సగమే అతికి ఉంది, నాన్న మగ్గం ఆగిపోయింది.

"ఏవైందమ్మా?" అని నాన్న కంగారుపడ్డాడు.

"నూలు దుమ్ము పడిందిరా. అదే తగ్గుద్దిలే."

తలుపు చాటున నేను అంతా విన్నాను. నాయనమ్మకి చూపు పోతే ఆ పాపం నాదేనని తలుచుకుంటే ఆ రాత్రి అన్నం సయించలేదు. నాలుగు రోజులు ఆవిడ తడిగుడ్డ కప్పుకుని పడుకుంటే, నాలుగు రోజులూ నేను ఆ చెట్టు వైపు పోలేదు. ఐదోనాడు ఎరుపు తగ్గి మళ్ళీ పోగులు పట్టింది. మధ్యాహ్నం వసారాలో నులకమంచం మీద నుంచి పిలిచింది.

"పూలేయే, అమ్మడూ?"

"నేను పెట్టను నాయనమ్మా. అమ్మని పెట్టమను."

"మీ అమ్మకెక్కడ తీరుద్దే? నీ చెయ్యే నాకు చల్లన. ఈసారి మాత్రం కాడలు తుంచి, నానేసి పట్రా."

అంతా తెలిసే ఊరుకుందన్నమాట! నానిన పూలు పట్టుకెళ్ళేసరికి కళ్ళు మూసుకుని సిద్ధంగా ఉంది. పూలు పెడుతుంటే ఆవిడ రెప్ప కదల్లేదు.

ఆ వీధిలో ఇప్పుడు మగ్గం చప్పుడు లేదు. నా కళ్ళకీ శుక్లాలు తీశారు, బల్లమీద చుక్కల మందు ఉంది. పొద్దున తుంచిన పువ్వుని అలవాటు చొప్పున గిన్నెడు నీళ్ళలో వేశాను. పాలన్నీ పోయాయి. నా చేతిని నమ్మి కళ్ళు మూసుకునే మనిషే లేదు.