అరుగుతుందని దాచిన సీడీ

కుదురుగా కూర్చోవడం నా వల్ల కాదు. నా కాళ్లకు చక్రాలున్నాయని, నోటికి మాత్రం బ్రేకుల్లేవని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంటుంది. అలాంటి నేను మా మేనకోడలి పెళ్లికి ముందు వారమంతా ఒక్క సీడీ గురించి తిండి సయించక తిరిగాను.

ఆ సీడీ మా అక్కది. ఉయ్యూరులో వాళ్లింట్లో, బీరువా లోపల, జిప్పున్న బైబిలు కవరులో ఉంటుంది. అందులో మా బావ చేసిన ప్రార్థన ఉంది. పిల్ల మొదటి పుట్టినరోజుకి ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. పాస్టరు గారి వాక్యం అయ్యాక బావే లేచి కూతురి కోసం ప్రార్థన చేశాడు. మైకు సెట్టు పెట్టినాయన దాన్ని రికార్డు చేసి, తర్వాత సీడీలోకి ఎక్కించి తెచ్చిచ్చాడు. మరుసటి ఏడు బావ గుండె ఆగి పోయాడు. ఫ్యాక్టరీలో ఫిట్టరు, ఫొటో అంటేనే పక్కకి తప్పుకునే మనిషి. ఆయన గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ సీడీలో మాత్రమే. అప్పుడు నడక కూడా రాని పిల్లకి ఇప్పుడు పెళ్లి.

పెళ్లి పనులు మాట్లాడుకోవడానికి ఫోన్ చేసినప్పుడు అక్క అసలు సంగతి చెప్పింది. చర్చిలో పాస్టరు గారు ఆశీర్వాదం ఇచ్చే ముందు బావ ప్రార్థన స్పీకర్లలో వేయించాలట. మంచి ఆలోచనే అన్నాను. ఇప్పుడెలా వినిపిస్తోంది, బాగానే ఉందా అని అడిగాను.

"ఏమోరా, నేనెక్కడ విన్నాను? ఆయన పోయాక ఒక్కసారి కూడా వెయ్యలా."

"ఒక్కసారి కూడానా! పిల్లకైనా వినిపించలేదా?"

"వేస్తే అరిగిపోదూ? దాని పెళ్లికి పనికొస్తదని దాచాను. ఒక్కసారే వేద్దాం, అదీ చర్చిలోనే."

ఫోన్ పెట్టేశాక వరండాలో అటూ ఇటూ తిరిగాను. అక్కని తప్పు పట్టడానికి లేదు. మేం క్యాసెట్ల మధ్య పెరిగినవాళ్లం. మా ఇంట్లో ఒక క్రిస్మస్ పాటల క్యాసెట్టు ఉండేది. అది అరిగి అరిగి, పాడేవాళ్లంతా నీళ్లలో మునిగి పాడుతున్నట్టు వినిపించే దాకా వేశాం. చివరికి టేపు రికార్డరు దాన్ని నమిలేసింది. పెన్సిలు పెట్టి తిప్పి తిప్పి టేపుని బాగుచేయబోయి ఏడ్చింది మా అక్కే. బావ గొంతుకి ఆ గతి పట్టకూడదని అనుకుని ఉంటుంది.

నేను మాత్రం ఇంటర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. సీడీ తిరిగేటప్పుడు దాన్ని ఏదీ ఒరుసుకోదని నాకు తెలుసు. దాంతోపాటు ఇంకొకటి కూడా తెలుసు, నన్ను కూర్చోనివ్వనిది అదే. సినిమా సీడీలు ఫ్యాక్టరీలో అచ్చు గుద్దినవి. వాటిలో గుంటలు ఉంటాయి, అవి ఎక్కడికీ పోవు. మైకు సెట్టు ఆయన ఇంట్లో కంప్యూటరు మీద చేసిన దాంట్లో గుంటలుండవు. ఒక పల్చటి రంగు పొర ఉంటుంది. రాసేటప్పుడు లేజరు ఆ రంగుని అక్కడక్కడా కాల్చి మచ్చలు చేస్తుంది. రంగు అన్నాక వెలుస్తుంది. ఎండకి త్వరగా, చీకట్లో నెమ్మదిగా, మొత్తానికి వెలుస్తుంది. వేసినా వెలుస్తుంది, వెయ్యకపోయినా వెలుస్తుంది.

మా అటక మీద అదే కాలం నాటి నా సీడీలు ఓ సంచెడు ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే నిచ్చెనేసుకుని అవీ, పాత డీవీడీ ప్లేయరూ దించాను. తుమ్ములతో ఇల్లు దద్దరిల్లింది. సినిమా డీవీడీ పెడితే బొమ్మ చక్కగా వచ్చింది. నేను రాసుకున్న సీడీ పెడితే లోపల కాసేపు టిక్కుటిక్కుమని, డిస్కు లేదంది. కళ్ల ముందు పెట్టిన డిస్కు లేదనడానికి దానికి ఎంత ధైర్యం!

మూత విప్పాను. పల్లెం కింద పట్టాల మీద చిన్న బండి, దాని మీద చింతగింజలో సగం ఉండే కటకం. ఆ కటకం గట్టిగా బిగించినది కాదు, సన్నటి తీగల మీద వేలాడుతుంటుంది. డిస్కు తిరిగేటప్పుడు ఎంతో కొంత పైకీ కిందికీ ఊగుతుంది కదా, చుట్టూ ఉన్న తీగచుట్టలూ అయస్కాంతాలూ కటకాన్ని కూడా దాంతో పాటే ఊపుతూ, వెలుగు సరిగ్గా ఆ పొర మీదే చుక్కలా పడేటట్టు చూస్తాయి. పక్కకి జరిగితే మళ్లీ వరసలోకి లాగుతాయి. ఒక్క క్షణం కూడా నిలకడగా ఉండదు పాపం, నాలాగే. దూదితో దాన్ని తుడిచాను. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే మాట.

అప్పుడు గుర్తొచ్చింది, డీవీడీ ప్లేయరులో లేజర్లు రెండుంటాయి. డీవీడీ గీతలు సన్నం కాబట్టి దానికి ఎర్ర వెలుగు. సీడీకి కంటికి సరిగా ఆనని ఇంకో వెలుగు, ఆ రంగు పొర దానికి మాత్రమే జవాబు చెబుతుంది. నా ప్లేయరులో ఈ రెండోది నీరసించిపోయింది. ఒకవేళ మైకు సెట్టు వాళ్లు చర్చికి ఇలాంటి ప్లేయరే పట్టుకొచ్చి, అందరి ముందూ అది డిస్కు లేదంటే? పెళ్లికూతురు చెవులు రిక్కించి నిలబడి ఉంటే?

లాప్‌టాపులకి ఇప్పుడు సీడీ పెట్టుకునే చోటే లేదు. మా ఊళ్లో బెంజ్ సర్కిల్ దగ్గర కంప్యూటరు షాపులన్నీ తిరిగాను. "సీడీ డ్రైవా అండీ? ఇంకా అవి వాడుతున్నారా?" అని ఒకతను పళ్లికిలించాడు. "వాడకపోతే అడుగుతానా" అని విసురుగా బయటికొచ్చేశాను. ఇంకో షాపులో ఒకావిడ ఏ మాటా అనకుండా కింది అర నుంచి దుమ్ము పట్టిన డబ్బా తీసి ఇచ్చింది. వైరుతో తగిలించుకునే డ్రైవు. ఇంటికెళ్లి నా సంచిలోవి వరసగా పెట్టి చూశాను. కొన్ని పలికాయి. కొన్ని మొదట్లో పలికి మధ్యలో మూగబోయాయి. కొన్నింటికైతే ప్రాణమే లేదు. అన్నీ ఒకే సంచిలో, ఒకే అటక మీద ఉన్నవే. ఏది బతుకుతుందో ఏది చస్తుందో చెప్పడానికి వీల్లేకుండా పోయింది.

ఇంక ఆగలేకపోయాను. లాప్‌టాపూ డ్రైవూ సంచిలో పడేసి ఉయ్యూరుకి బండి తీశాను. సర్కిల్ దాటేసరికే ప్రాణం విసిగింది. కంకిపాడు దాటాక ముందు చెరుకు ట్రాక్టర్లు, వెనక నా హారను. ఎవడికీ తొందర లేదు, నాకు తప్ప.

అక్క హాల్లో చాప మీద కూర్చుని పెళ్లి చీరకి ఫాలు కుట్టుకుంటోంది. మేనకోడలు గోరింటాకు పెట్టుకున్న చేతులు గాల్లో పెట్టుకుని ఫ్యాను కింద నిలబడింది. నేను సంచి దించి, మంచినీళ్లయినా తాగకుండా విషయం చెప్పాను. ముందు ఇక్కడ వేసి చూడాలి, లాప్‌టాపులోకి కాపీ తీసుకోవాలి, చర్చిలో ఆ కాపీ వేయించాలి.

"కాపీ తియ్యాలన్నా వెయ్యాల్సిందేగా," అంది అక్క సూది ఆపకుండా.

"వెయ్యాలి."

"అయితే వద్దు."

"అక్కా, అందరి ముందూ అది పలక్కపోతే?"

"దేవుడు చూసుకుంటాడు. నువ్వు దాన్ని తిప్పి తిప్పి అరగదీస్తే మాత్రం ఆయనేం చెయ్యలేడు."

"అమ్మా, మావయ్య చెప్పేది కాస్త విను," అంది మేనకోడలు. "నాక్కూడా భయంగా ఉంది. అందరి ముందూ మొదటిసారి వింటే నేను నిలబడగలనో లేదో."

"నువ్వూరుకో. నీకోసమేగా నేను దాచింది!"

నాకు ఒళ్లు మండింది. క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనివాడి ముందు నిలబడ్డట్టు గొంతు పెంచాను. "అరగడానికి అక్కడ ఏముందే? అది టేపు కాదు. సూది లేదు, టేపు రికార్డరులో ఉండే హెడ్డు లేదు, ఏదీ దాన్ని తాకదు. వెలుగు పడుద్ది అంతే. రాత్రిపూట కరెంటు పోయింది, నువ్వు ఈ గచ్చు మీద టార్చి లైటు వేశావనుకో. నున్నగా ఉన్నచోట వెలుగు తిరిగొచ్చి నీ కంట్లో పడుద్ది. మసి మచ్చ ఉన్నచోట పడదు. పడింది, పడలేదు, పడింది, పడలేదు. ఆ మిషను అదే చూసుకుంటా పోద్ది, లోపలి నుంచి అంచు దాకా. దాన్ని బట్టే గొంతు తయారు చేస్తది. మధ్యలో చిన్న గీత పడ్డా, చుట్టుపక్కల వాటిని బట్టి లెక్కగట్టి పూడ్చుకుంటది. ఇప్పుడు నువ్వే చెప్పు, టార్చి వేస్తే గచ్చు అరుగుద్దా?"

అక్క సూది ఆపింది. కిందికి, గచ్చు వైపు చూసింది.

"అరగదు," అంది.

"ఎన్నిసార్లు వేసినా?"

"అరగదు."

గెలిచానని ఒక్క క్షణం సంబరపడ్డాను. ఆ తర్వాత గానీ నేనేం మాట్లాడానో నాకు తట్టలేదు. ఇన్నేళ్లూ ఆ బీరువా పక్కనే పడుకుని, వినాలని ప్రాణం కొట్టుకున్న రోజుల్లో కూడా తాళం తియ్యకుండా ఓర్చుకున్న మనిషికి, ఆ ఓర్పు అక్కర్లేదని మొహం మీద చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సిందా? ఏదో అబద్ధమాడి, ఇదొక కొత్తరకం మిషను, ఇందులో అయితే అరగదని చెప్పాల్సింది. ఆ తెలివి నాకు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. అక్క చీర పక్కన పెట్టి లేచి, బీరువా తీసి, బైబిలు కవరు జిప్పు లాగి, సీడీని రెండు అరచేతుల మధ్య పట్టుకుని తెచ్చింది.

"వెయ్యి," అంది.

మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తుడిచి, డ్రైవులో పెట్టాను. గిర్రున తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది. లోపల కటకం పైకీ కిందికీ వెతుక్కుంటున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. నా సీడీల్లో చచ్చినవన్నీ ఇలాగే చేశాయి. మేనకోడలు గోరింటాకు చేతుల్తోనే నా భుజం పట్టేసుకుంది. ప్రభువా, ప్రభువా అని నేను కూడా మొదలుపెట్టాను.

ముందు గరగర. తర్వాత ఎవరో దగ్గు, గిన్నెల చప్పుడు, ఒక పసిపిల్ల ఏడుపు. తర్వాత కాస్త బొంగురుగా, తడబడుతూ, మైకుకి మరీ దగ్గరగా ఒక మగగొంతు. "పరలోకమందున్న మా తండ్రీ, ఈ పసిబిడ్డని నీ చేతుల్లో పెడుతున్నాం..."

మేనకోడలు నోరు తెరుచుకుని లాప్‌టాపు ముందు కూలబడింది. "నాన్న," అంది నా వైపు తిరిగి, నన్ను అడుగుతున్నట్టు. అవునని తలూపాను. ఏ మిట్టమధ్యాహ్నమో బావ సైకిలు దిగుతూ "ఏం బావా" అని పిలిచినట్టే ఉంది.

అక్క నిలబడే ఉంది. మొహంలో ఏ మార్పూ లేదు. తల కాస్త పక్కకి వంచి, ఎవరో కొత్తవాళ్లు మాట్లాడుతుంటే వింటున్నట్టు వింటోంది.

"ఎవర్రా ఈయన?" అంది. "పాస్టరు గారా?"

మేనకోడలు తలెత్తి వాళ్లమ్మ వైపు చూసింది. ప్రార్థన సాగుతూనే ఉంది. పిల్ల ఏడుపు ఎక్కువైంది. ఆ గొంతు మధ్యలో ఆగి, మైకు సంగతి మర్చిపోయి, "ఏమేవ్, దాన్నిటివ్వు నాకు" అని, మళ్లీ "తండ్రీ" అని అందుకుంది.

అక్క చాప మీద కూర్చుండిపోయింది.

"నేను మర్చిపోయాన్రా," అంది. "ఆయన గొంతు మర్చిపోయాను."

ప్రార్థన ఆమెన్ దాకా సాగి ఆగింది. అక్క కొంగుతో మొహం తుడుచుకుని, లాప్‌టాపుకి దగ్గరగా జరిగి కూర్చుంది.

"మళ్లీ వెయ్యి," అంది.